ఎక్కడో ఉంది, ఇక్కడే ఉంది, అసలు లేదు: అక్షరాల లెక్క

గోదావరి జిల్లాల్లో నాలుగక్షరాల ఊరు చెప్పండి, చివర 'రం' ఉండాలి అంటే ఏడెనిమిదేళ్ల పిల్లలైనా గబగబా చెప్పేస్తారు. భీమవరం, అన్నవరం, పిఠాపురం, పెద్దాపురం, పోలవరం, గోకవరం, ఏలేశ్వరం. రెండో అక్షరానికి ఒత్తు కూడా ఉండాలని మెలిక పెడితే ఈ ఏడింట్లో అన్నవరం, పెద్దాపురం మిగులుతాయి. 'న' అనే అక్షరం ఎక్కడా రాకూడదంటే ఇక పెద్దాపురం ఒక్కటే.

ఇందులో రెండు రకాల షరతులు వాడాం. ఫలానా అక్షరం ఫలానా చోట ఉండాలి అన్నది ఒకటి, ఫలానా అక్షరం ఉండకూడదు అన్నది మరొకటి. ఈ రెంటికీ మధ్య మూడోది ఉంది: ఫలానా అక్షరం ఉండాలి, ఎక్కడైనా సరే. ఇంగ్లిషులో ఫోన్ల మీద జనం ఆడే వర్డిల్ ఆట అంతా ఈ మూడు షరతులే. జోష్ వార్డిల్ అనే ఇంజినీరు తయారుచేసిన ఈ ఆట 2021 అక్టోబరులో జనంలోకి వచ్చింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనుక్కుంది. ఐదక్షరాల ఇంగ్లిషు మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. మనం కొట్టిన మాటలో అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, మాటలో ఉంది గానీ చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు.

ఈ మూడు రంగులూ, అడిగిన షరతులకు తగ్గట్టు కవి అక్కడికక్కడే పద్యాలు చెప్పే మన అవధాన సభలో వేరే పేర్లతో కూర్చుని ఉంటాయి. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఈ అక్షరం రావాలి అని అడిగితే న్యస్తాక్షరి. ఈ మాటలు పద్యంలో రావాలి, ఎక్కడ ఇముడ్చుకుంటారో మీ ఇష్టం అంటే దత్తపది. కవి ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఈ అక్షరం వేయకూడదు అని అడ్డుపడుతూ పోతే నిషిద్ధాక్షరి. అడిగేవారిని పృచ్ఛకులు అంటారు. ఎనిమిది మంది అడిగితే అష్టావధానం, నూరు మంది అడిగితే శతావధానం. ఈ విద్యను ఊరూరా తిప్పి జనానికి అలవాటు చేసిన తిరుపతి వేంకట కవులు ఇద్దరూ గోదావరి గడ్డవారే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం వైపు యండగండిలో పుట్టారు. పాండవోద్యోగ విజయాల పద్యాలు రాగం తీసి పాడేవాళ్లు డెల్టాలో ఇప్పటికీ దొరుకుతారు గానీ, ఆ నాటకాలు రాసినవాళ్లు అవధానులన్న సంగతి వాళ్లలో అందరికీ తెలియదు.

మూడు షరతుల్లో ఏది కష్టం? ఇంగ్లిషు అక్షరాల లెక్క ఒకటి చెబుతుంది, అవధానం చూసినవాళ్లు ఇంకొకటి చెబుతారు. రెండూ ఎందుకు కలవవో తెలియాలంటే ముందు లెక్క చేయాలి.

ఇంగ్లిషు అక్షరాలు 26. ఐదు గళ్లలో వాటిని ఇష్టం వచ్చినట్టు పేర్చుకుంటూ పోతే 1,18,81,376 పేర్పులు వస్తాయి. వర్డిల్ మొదట్లో ఒప్పుకున్న మాటలు దాదాపు 13 వేలు. అంటే తొమ్మిది వందల పైచిలుకు పేర్పుల్లో ఒక్కటి మాట, తక్కినదంతా తవుడు. ఇప్పుడు 'ఏ' అనే ఇంగ్లిషు అక్షరం రెండో గడిలోనే ఉందని తెలిసిందనుకోండి. మిగిలేవి 4,56,976. మొత్తాన్ని వంద అనుకుంటే నాలుగు కూడా లేవు. 'ఏ' ఎక్కడో ఒక చోట ఉందని మాత్రమే తెలిస్తే 21,15,751 మిగులుతాయి, వందలో 18. 'ఏ' అసలు లేదని తెలిస్తే 97,65,625 మిగులుతాయి, వందలో 82.

పసుపు రంగు వస్తే అక్షరం మనం పెట్టిన గడిలో లేదని కూడా తెలుస్తుంది కదా అని అడగవచ్చు. నిజమే. ఆ సవరణ చేస్తే 16,58,775 మిగులుతాయి, వందలో 14. అయినా వరుస మారదు. 'ఇక్కడే ఉంది' అన్నది అన్నిటికన్నా బిగువు, 'ఎక్కడో ఉంది' మధ్యస్థం, 'లేదు' అన్నది బాగా వదులు. ఈ లెక్క ప్రకారం న్యస్తాక్షరి పులి, నిషిద్ధాక్షరి పిల్లి.

అవధానం చూసినవాళ్లు ఇది ఒప్పుకోరు. నిషిద్ధాక్షరి దగ్గరే సభ ఊపిరి బిగపట్టి చూస్తుంది. ఆ సంగతికి వచ్చేముందు తెలుగులో అక్షరం అంటే ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే అక్కడే ఇంగ్లిషు లెక్క మనకు సరిపోకుండా పోతుంది.

రాజమండ్రిని ఇంగ్లిషులో పాత పద్ధతిలో రాస్తే 11 అక్షరాలు. తెలుగులో నిండుగా రాజమహేంద్రవరం అని రాసినా ఏడే: రా, జ, మ, హేం, ద్ర, వ, రం. ఇంగ్లిషులో భీమవరం 10, కాకినాడ 8. తెలుగులో రెండూ నాలుగేసి. కారణం తెలిసిందే. ఇంగ్లిషువాళ్లు హల్లును వేరుగా, అచ్చును వేరుగా లెక్కపెడతారు. మనం హల్లు, దాని గుణింతం, కింద ఒత్తు, పక్కన సున్న అన్నీ కలిపి ఒక్క అక్షరంగా లెక్కపెడతాం. 'స్త్రీ'లో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి, అయినా ఒకే అక్షరం. పొల్లు హల్లు మిగిలిపోతే ముందరి అక్షరంలో కలుపుతాం.

అక్షరం పెద్దదైతే గళ్లు తగ్గుతాయి, ఒక్కో గడిలో పట్టే అక్షరాల సంఖ్య పెరుగుతుంది. క్ష, ఱ పక్కన పెడితే హల్లులు 34. అచ్చులు వాడుకలో ఉన్నవి 13 అనుకుందాం. హల్లుల గుణింతాలు 442, విడి అచ్చులు 13, వెరసి 455. ఒత్తులూ సున్నలూ ఇందులో చేర్చనే లేదు. ఈ 455తో మూడు గళ్లు నింపితే 9,41,96,375 పేర్పులు. ఇంగ్లిషు ఐదు గళ్లకు దాదాపు ఎనిమిది రెట్లు. నాలుగు గళ్లయితే 4,285 కోట్లు దాటుతాయి. తెలుగులో వర్డిల్ లాంటి ఆట పెడితే వచ్చే చిక్కు ఇదే. తణుకులోని 'ణు' కొడితే హల్లు తగిలింది గానీ గుణింతం తప్పింది అని చెప్పడానికి నాలుగో రంగు కావాలి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక, ఆరుద్ర గళ్ల నుడికట్టు ఈ గొడవలో పడకుండా గడికొక పూర్తి అక్షరం పెట్టుకున్నాయి. తెలుగు గళ్ల పజిల్‌కి అదే సహజమైన దారి.

పద్యానికి ఇది చాలదు. పద్యం అక్షరాలను లెక్కపెట్టి ఊరుకోదు, తూకం కూడా వేస్తుంది. చిటికె వేసినంత సేపట్లో పలికేది లఘువు, దానికి రెట్టింపు పట్టేది గురువు. దీర్ఘం ఉన్నా, సున్న ఉన్నా, విసర్గో పొల్లో ఉన్నా, తర్వాతి అక్షరానికి ఒత్తు ఉన్నా గురువు. తక్కినవి లఘువులు. గురువును 'గు' అని, లఘువును 'ల' అని గుర్తు పెట్టుకుని మన ఊళ్లను తూచి చూద్దాం.

కాకినాడ: గు, ల, గు, ల. పాలకొల్లు కూడా అంతే. మండపేట, కొత్తపేట, కోరుకొండ కూడా అంతే. భీమవరం: గు, ల, ల, గు. అన్నవరం, పోలవరం, గోకవరం అదే తూకం. పెద్దాపురం: గు, గు, ల, గు. ఏలేశ్వరం దానికి జోడీ. పిఠాపురం మాత్రం లఘువుతో మొదలవుతుంది: ల, గు, ల, గు. ద్రాక్షారామం నాలుగూ గురువులే. నాలుగు అక్షరాలకు ఒక్కోదానికి రెండేసి వీలులుంటే మొత్తం 16 తూకాలు సాధ్యం. పైన చెప్పిన పదమూడు ఊళ్లూ అందులో ఐదింటిలోనే సర్దుకున్నాయి.

మూడక్షరాలకైతే 8 తూకాలు. ఒక్కో మూడక్షరాల కట్టను గణం అంటారు. ఈ ఎనిమిదింటినీ గుర్తుపెట్టుకోవడానికి పూర్వులు ఇచ్చిన సూత్రం 'యమాతారాజభానసలగం'. ఇది పదక్షరాల మాట, దీనికి అర్థం లేదు. ఎక్కడినుంచైనా వరసగా మూడక్షరాలు తీసుకుంటే, మొదటి అక్షరం పేరున్న గణం తూకం వచ్చేస్తుంది. 'యమాతా' అంటే ల, గు, గు, అది యగణం. 'మాతారా' మూడు గురువులు, మగణం. 'తారాజ' తగణం. ఇలా జారుతూ పోతే చివరి 'సలగం' సగణం దాకా ఎనిమిదీ ఒక్కోసారి వస్తాయి, ఒక్కటీ రెండోసారి రాదు. ఎనిమిది గణాలను విడివిడిగా రాస్తే 24 అక్షరాలు పట్టేవి, వాటిని పదింటిలో ఇరికించారు. కాగితం మీద ప్రయత్నించండి, ఇంతకన్నా పొట్టిగా చేయడం కుదరదు. ఎనిమిది మొదళ్లకు ఎనిమిది అక్షరాలు, చివరి కట్ట పూర్తికావడానికి ఇంకో రెండు తప్పవు.

ఇప్పుడు పూర్తి పాదం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు: గులల, గులగు, లలల, గులల, గులల, గులగు, లగు. ఇరవై అక్షరాలకు గురులఘువులను ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? 10,48,576 రకాలుగా. సెకనుకు ఒకటి చొప్పున తిండీ నిద్రా మానేసి చదివితే 12 రోజులు దాటుతుంది. అందులో ఒకే ఒక్క పేర్పు ఉత్పలమాల. మత్తేభానికీ 20 అక్షరాలే, అది ఇంకో పేర్పు. ఛందశ్శాస్త్రం ఒక్క అక్షరం పాదం నుంచి 26 అక్షరాల పాదం దాకా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కో పేర్పు ఒక వృత్తం, అన్నీ కలిపితే 13,42,17,726 వృత్తాలు. అదే వేగంతో చదివితే నాలుగేళ్ల మూడు నెలలు పడుతుంది.

అన్ని కోట్లలో కవులు వాడుకున్నవి ఎన్ని అంటారా? చాలా కొద్ది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టినప్పటి నుంచీ బరువంతా మోస్తున్న వృత్తాలు ముఖ్యంగా నాలుగు: 21 అక్షరాల చంపకమాల, 20 అక్షరాల ఉత్పలమాల, 19 అక్షరాల శార్దూలం, 20 అక్షరాల మత్తేభం. ఎక్కువ వీలులుంటే ఎక్కువ వాడతారన్న నియమం ఎక్కడా లేదు. వినగానే చెవికి పట్టేవి నిలబడ్డాయి.

మన ఊళ్లు ఉత్పలమాలలో ఎక్కడెక్కడ పడతాయో చూస్తే నియమం బిగువు చేతికి తగులుతుంది. భీమవరం 1, 10, 13 స్థానాల్లో మొదలుకావచ్చు, మూడే చోట్లు. కాకినాడకు 4, 16, రెండే చోట్లు. పద్యం భీమవరంతో మొదలుపెట్టవచ్చు, కాకినాడతో మొదలుపెట్టలేం. పిఠాపురానికి 3, 15, 17. పెద్దాపురానికీ ద్రాక్షారామానికీ ఒక్క చోటూ లేదు, ఎందుకంటే ఉత్పలమాల పాదంలో రెండు గురువులు పక్కపక్కన ఎక్కడా రావు.

అసలు చిక్కు నదితోనే. గోదావరి తూకం గు, గు, ల, ల. మొదటి రెండూ గురువులు కాబట్టి ఉత్పలమాల పాదం లోపల గోదావరికి చోటు లేదు. చంపకమాలలోనూ లేదు. గోదావరి ఒడ్డున కూర్చుని, తెలుగువాళ్లు అన్నిటికన్నా ఇష్టంగా పాడుకునే రెండు వృత్తాల్లో ఆ నది పేరు నేరుగా పలకలేకపోవడం విడ్డూరమే. అయితే తెలుగు పద్యంలో మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో ముగియవచ్చు. ఉత్పలమాల పాదం గురువుతో ముగిసి, తర్వాతి పాదం గు, ల, ల అని మొదలవుతుంది. 'గో' ఈ పాదం చివర, 'దావరి' పై పాదం మొదట పెడితే సరిపోతుంది. నాలుగు పాదాల మధ్య అలాంటి అతుకులు మూడే ఉంటాయి. శార్దూలంలో రెండో అక్షరం దగ్గర గోదావరి చక్కగా ఇముడుతుంది, 'శ్రీగోదావరి' అని ఎత్తుకోవచ్చు. మత్తేభంలో మూడో అక్షరం దగ్గర పడుతుంది. లేదంటే గౌతమి అనడం ఒకటుంది. గు, ల, ల అన్న ఆ తూకానికి ఉత్పలమాలలో నాలుగు చోట్లు దొరుకుతాయి. కవులకు పర్యాయపదాల పిచ్చి ఎందుకని విసుక్కునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

తూకం కుదిరాక కూడా రెండు తాళాలున్నాయి. ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లుతో ఉండాలి. యతి అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం స్నేహంగా ఉండాలి. ఉత్పలమాలలో అది పదోది, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14. స్నేహం అంటే అదే అక్షరం కానక్కర్లేదు. క, ఖ, గ, ఘ ఒకదానికొకటి చెల్లుతాయి. అచ్చుల్లోనూ మూడు జట్లు ఉంటాయి: అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు, ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లు జట్టూ కుదరాలి, అచ్చు జట్టూ కుదరాలి.

గుడ్డిగా అక్షరాలు వేస్తే ఇవి కుదిరే వీలెంత? అన్ని అక్షరాలూ సమానంగా వస్తాయనుకుందాం. నిజానికి రావు, కానీ ఉజ్జాయింపుకి పనికొస్తుంది. యతికి 34 హల్లుల్లో నాలుగు, అచ్చు జట్లు మూడింట్లో ఒకటి, అంటే సుమారు పాతికలో ఒక వంతు. నాలుగు పాదాలకు కలిపితే 3,90,625లో ఒకటి. ప్రాసకు మొదటి పాదం స్వేచ్ఛ, తక్కిన మూడు పాదాలకు 34లో ఒకటి చొప్పున, 39,304లో ఒకటి. రెండూ హెచ్చవేస్తే 1,535 కోట్లలో ఒకటి. సెకనుకొక పద్యం గుడ్డిగా కట్టుకుంటూ పోతే యతి ప్రాసలు రెండూ కుదిరిన పద్యం ఒకటి రావడానికి సగటున 486 ఏళ్లు కావాలి. దానికి అర్థం ఉంటుందన్న హామీ కూడా లేదు. అవధాని సభలో నిలబడి ఆశువుగా చెబుతున్నాడంటే, ఒక్కో అక్షరం వెతుక్కోవడం లేదన్నమాట. యతి ప్రాసలు కుదిరే మాటల కట్టలు ముందే నోటికి పట్టి ఉండాలి. ఇంకో దారి లేదు.

ఇప్పుడు పృచ్ఛకుల దగ్గరికి వద్దాం. న్యస్తాక్షరి అడిగేవాడు ఉత్పలమాల మొదటి పాదంలో ఆరో అక్షరం 'గ' రావాలి అన్నాడనుకోండి. ఆరో చోట గురువు ఉండాలి. విడిగా 'గ' లఘువు. దాన్ని గురువు చేయాలంటే ఏడో అక్షరానికి ఒత్తు పెట్టాలి. ఏడో చోటే 'గ' కావాలంటే కథ తిరగబడుతుంది. అక్కడ లఘువు ఉండాలి కనుక ఎనిమిదో అక్షరానికి ఒత్తు ఉండకూడదు. అడిగింది ఒక గడి గురించి, కట్టుబడింది రెండు గళ్లు. ఇంగ్లిషు లెక్కలో ఇది లేదు. ఆ ఐదు గళ్లూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు లెక్కపెట్టాం. న్యస్తాక్షరి లెక్కకు కనిపించే దానికన్నా బిగువైనదే. అయినా అవధానికి ఒక సౌకర్యం ఉంది. షరతు ముందే తెలుసు. ఆ అక్షరం చుట్టూ మాట అల్లుకుని, అటూ ఇటూ పాదాన్ని నింపుకోవచ్చు.

దత్తపదిలో ఆ సౌకర్యం ఇంకా ఎక్కువ. సాధారణంగా నాలుగు మాటలిస్తారు, తెలుగుకి సంబంధం లేని మాటలిస్తే సభకు సరదా. ఇంగ్లిషు మాటలు పద్యంలోకి దూరేది ఈ గుమ్మంలోంచే. 'కారు' ఇస్తే 'పగవారు కారు' అనవచ్చు. 'బారు' ఇస్తే బారులు తీర్చవచ్చు. 'లారీ' ఇస్తే 'వారలారీతి' అని రెండు మాటల సందులో దాచేయవచ్చు. బండి కనబడకుండా బండి తెప్పించడమే ఇందులో చమత్కారం.

నిషిద్ధాక్షరి వేరు. అంకెల్లో చూస్తే ఇది మరీ మెత్తన. పృచ్ఛకుడు ఒక్కోసారి ఒక హల్లును కాదంటాడు, ఇంకా 33 ఉన్నాయి. ఇరవై అక్షరాల పాదంలో ప్రతి అక్షరానికీ ఇలా అడ్డు తగిలినా, ముందే అనుకున్న పాదం ఏ అడ్డూ తగలకుండా బయటపడే వీలు వందకు 55 ఉంటుంది. సగానికి పైన. మరి కవులు దీనికెందుకు జంకుతారు?

ఆ 55 లెక్కలో ఒక అబద్ధం ఉంది. పృచ్ఛకుడు కళ్లు మూసుకుని ఏదో ఒక హల్లు కాదంటాడని అనుకున్నాం. ఆయన అలా అనడు. ఆయనకూ తెలుగు వచ్చు, చాలాసార్లు ఛందస్సూ వచ్చు. కవి 'గో' అన్నాడు. తర్వాత ఏం వస్తుంది? 34 హల్లుల్లో కొన్నిటితో తెలుగులో మాటే లేదు. గోదావరి, గోపాలుడు, గోవిందుడు, గోకులం, గోపురం, ఇలా ముందుగా తట్టే దారులు నాలుగైదు. పృచ్ఛకుడు 'ద' వద్దంటాడు. కవి 'పా' అంటాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది 'ల' ఒక్కటే, అదే వద్దంటాడు పృచ్ఛకుడు. అడ్డు పడేది 34లో ఒకదానికి కాదు, కవి అడుగు వేయబోయే మెట్టుకే. పృచ్ఛకుడు సగం సార్లు సరిగ్గా ఊహిస్తాడనుకున్నా, మొదట అనుకున్న పాదం ఇరవై అక్షరాలూ చెక్కుచెదరకుండా బయటపడటం 10,48,576లో ఒకసారి. ఉత్పలమాల లెక్కలో చూసిన అంకే ఇది, రెండును ఇరవైసార్లు హెచ్చవేస్తే వచ్చేది.

కాబట్టి నిషిద్ధాక్షరిలో కవి పాదం అనుకుని రాడు, రాలేడు. ప్రతి అక్షరం దగ్గరా రెండు మూడు మాటలు చేతిలో పట్టుకుని నడుస్తాడు, ఒకటి పోతే ఇంకొకటి. సంస్కృత సమాసాలు ఇక్కడ ఆదుకుంటాయి, వాటిని ఎటు కావాలంటే అటు పొడిగించవచ్చు. నిషిద్ధాక్షరి పద్యాలు తరచూ సంస్కృత పదాలతో బిగిసి ఉండటానికి కారణం నాకు తెలిసి ఇదే, పాండిత్య ప్రదర్శన తర్వాతి మాట. అచ్చ తెలుగు మాట పొట్టిది, రెండో అక్షరం దగ్గరే దొరికిపోతుంది.

అడ్డు చెప్పే మనిషి లేకుండా, కవి తనకు తానే నిషేధం పెట్టుకుంటే? రాజమండ్రిలో 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం పేరు చెప్పగానే వితంతు వివాహాలు, సరళమైన గద్యం, రాజశేఖర చరిత్ర గుర్తొస్తాయి. ఆయనే తొలి రోజుల్లో శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం రాశారు. పేరులో మూడు షరతులున్నాయి. శుద్ధాంధ్రం అంటే సంస్కృత పదాలు నేరుగా వాడకూడదు. నిర్వచనం అంటే మధ్యలో వచనం లేకుండా అంతా పద్యాలే. నిరోష్ఠ్యం అంటే పెదవులు తగిలే అక్షరాలు రాకూడదు. ప, ఫ, బ, భ, మ అనే ఐదు పోయాయి. పెదవి కదిలే 'వ', పెదవులు గుండ్రంగా చుట్టే ఉ, ఒ లను కూడా శాస్త్రం ఈ పట్టికలోనే వేస్తుంది.

34లో ఐదో ఆరో పోతే ఏమంత నష్టం అనిపించవచ్చు. కథ నలదమయంతులది. నలుడి పేరులో 'నల' వరకు ఇబ్బంది లేదు. దమయంతిలో 'మ' ఉంది. ఆమె తండ్రి భీముడు, భ, మ రెండూ ఉన్నాయి. వాళ్ల దేశం విదర్భ, వ, భ రెండూ ఉన్నాయి. నాయిక పేరు, మామగారి పేరు, అత్తవారి ఊరు ఒక్కటీ పలకకుండా కావ్యం నడపాలి. ఇక 'ఉ' సంగతి చూస్తే నలుడు, రాజు, చెట్లు, వచ్చెను అన్నీ అటకెక్కుతాయి, తెలుగు మాటల్లో చాలా భాగం 'ఉ'తోనే ముగుస్తుంది మరి. అంతకు చాలా ముందే మరింగంటి సింగరాచార్యులు రామకథను ఇదే పద్ధతిలో చెప్పారు. కావ్యం పేరు దశరథరాజనందన చరిత్ర. రాముడిలో 'మ' ఉంది కాబట్టి రాముడు అనకుండా దశరథుడి కొడుకు అన్నారు. ఆ పేరు పైకి చదివి చూడండి, పెదవులు ఒక్కచోటా కలవవు.

ఇంగ్లిషులో ఇలాంటి మొండిపని ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ చేశాడు. 1939లో వచ్చిన గాడ్స్‌బీ అనే నవలలో దాదాపు 50 వేల మాటలున్నాయి, కానీ ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే 'ఈ' అనే అక్షరం లేకుండా రాసుకొచ్చాడు. ఫ్రెంచిలో జార్జ్ పెరెక్ 1969లో అదే అక్షరాన్ని వదిలేసి నవల రాశాడు. వాళ్ల పని మన నిరోష్ఠ్యానికి దగ్గర, నిషిద్ధాక్షరికి కాదు. ఎందుకంటే వాళ్లకు ఏ అక్షరం పోతుందో మొదటి పేజీకి ముందే తెలుసు.

శతావధానంలో నూరు మంది అడుగుతారు, అన్నీ గుర్తుంచుకోవడం ఎలా అన్న ప్రశ్న మిగిలింది. అవధాని ఒక్కో పద్యం ఏకబిగిన పూర్తిచేయడు. ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్పుకుంటూ వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి రెండో పాదం, అలా నాలుగు చుట్లు తిరుగుతాడు. చివర్లో అన్నీ మొదటినుంచి అప్పజెప్పాలి, దాన్ని ధారణ అంటారు. నూరూ ఇరవై అక్షరాల పాదాలే అనుకుంటే 8,000 అక్షరాలు. పదంకెల ఫోన్ నంబర్లతో పోలిస్తే 800 నంబర్లు. కానీ ఫోన్ నంబరులో ఏ అంకె తర్వాత ఏదైనా రావచ్చు, పద్యంలో రాకూడదు. తూకం తప్పితే చెవికి తెలుస్తుంది, రెండో అక్షరం ప్రాస పట్టిస్తుంది, పదో అక్షరాన్ని మొదటి అక్షరం గుర్తుచేస్తుంది. కట్టేటప్పుడు 1,535 కోట్లలో ఒకటిగా అడ్డుపడ్డ ఆ నియమాలే అప్పజెప్పేటప్పుడు పట్టుకొమ్మలవుతాయి. యతి ప్రాసలు లేని వచన కవితలు నూరు చెప్పి తిరిగి అప్పజెప్పమంటే పని ఇంకా కష్టం.

ఇంత లెక్కా కంప్యూటరు చేయలేదా అంటే, చేస్తుంది. పద్యం ఇస్తే గణాలు విడగొట్టి, యతి ప్రాసలు చూసి, వృత్తం పేరు చెప్పే ప్రోగ్రాములున్నాయి. కాకపోతే ముందు దానికి అక్షరం అంటే ఏమిటో నేర్పాలి. కంప్యూటరు తెలుగును ముక్కలుగా దాచుకుంటుంది. హల్లు ఒక ముక్క, గుణింతపు గుర్తు ఒక ముక్క, సున్న ఒకటి, ఒత్తుకు ముందు పొల్లు గుర్తు ఒకటి. దాని లెక్కలో భీమవరం ఆరు, అన్నవరం ఏడు, 'స్త్రీ' ఆరు, రాజమహేంద్రవరం పదమూడు. నేరుగా నాలుగక్షరాల మాటలు వెతకమంటే భీమవరాన్నీ అన్నవరాన్నీ రెంటినీ వదిలేస్తుంది.

దిద్దడానికి ఒకే సూత్రం చాలు. హల్లులూ విడి అచ్చులూ మాత్రమే లెక్కపెట్టు, గుణింతాలూ సున్నలూ వదిలెయ్యి, పొల్లు గుర్తు కనబడిన ప్రతిసారీ ఒకటి తీసెయ్యి. రాజమహేంద్రవరంలో హల్లులు ఎనిమిది: ర, జ, మ, హ, ద, ర, వ, ర. పొల్లు గుర్తు ఒకటి. ఏడు మిగిలాయి. 'స్త్రీ'లో హల్లులు మూడు, పొల్లు గుర్తులు రెండు, మిగిలింది ఒకటి. చివర పొల్లుతో ఆగే 'బస్' లాంటి మాటకు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది: హల్లులు రెండు, పొల్లు ఒకటి, అక్షరం ఒకటి.